పెరటి జీవుల అలుక

శ్రీకాకుళ పట్టణమును ఆనుకొనియున్న అరసవల్లిలో ఆదివారము తక్కిన దినములకంటె ముందుగా తెల్లవారును. సూర్యనారాయణస్వామి దర్శనమునకు వచ్చువారు చీకటితోనే ఇంద్రపుష్కరిణికడకు చేరుదురు. పూలబుట్టలు, కొబ్బరికాయల గంపలు వీథికి ఇరువైపులను వెలయును. ఈ సందడికి వెనుక, ఇండ్ల పెరళ్ళలో, మఱియొక దినచర్య నడచుచుండును. పాకలో దీపము వెలుగును. దూడను విప్పుదురు. చెంబెడు నీళ్ళతో పొదుగు కడిగి, పాలచెంబు మోకాళ్ళనడుమ ఇఱికించుకొని ఇల్లాలు కూర్చుండును. ఇది వేల యేండ్లుగా మానవుడు, పశువు కలిసి చేయుచున్న పని. ఇందు చెప్పుకొనదగిన విశేషమేమియు లేదు, ఆవు కాలెత్తి తన్నునంతవఱకు.

నిన్న సాయంకాలమువఱకు మెడ నిమిరినచో కన్నులు మూసికొని నెమరువేసిన ఆవు నేడు చేయి తగులగనే వెనుకకాలు విసరును. చెంబు దొర్లును, పాలు పేడలో కలియును. "నిన్నటిదాకా బంగారం లాటి ఆవు, ఇయ్యేల దీనికేటైనాదో!" యని ఇల్లాలు నొసలు కొట్టుకొనును. పొగరెక్కినదని ఒకరందురు. పాడి చూచి ఎవరో కన్నువేసినారని మఱియొకరందురు. ఇంటి యజమాని బందము తెచ్చి వెనుకకాళ్ళకు బిగించును. బందముతో ఆనాటి పాలు దక్కవచ్చును. ఆవునకు ఏమైనదో మాత్రము ఎవరికిని తెలియదు.

పశువుల నడతను గూర్చి మన భాషలోనున్న మాటలను ఒకమాఱు పరికింపదగును. పొగరుబోతు ఎద్దు, కుమ్ముడు గిత్త, తన్నుడు గేదె, మొండి గుఱ్ఱము. ఇవన్నియు నేరములను తెలుపు పేర్లే. పశువు గుణమునే చెప్పునుగాని దాని స్థితిని చెప్పవు. పాలిచ్చు ఆవు తన్నినను ఓర్చుకొనవలెనని సామెత. చక్కని సామెతయే, కాని అది ఓర్చుకొమ్మనినదే తప్ప, ఎందుకు తన్నినదో కనుగొనుమనలేదు. మనుష్యుల అలుక విషయమున మనకీ ఉపేక్ష లేదు. సత్యభామ అలుకకు పారిజాతపుష్పము కారణమని బడిపిల్లవానికిని తెలియును. పెరటి ఆవు అలుకకు మాత్రము కారణముండునని తలచువారు అరుదు.

పూర్వులందఱును ఇట్లుండిరనుట పొరపాటు. గజములకు వచ్చు రోగములను వివరించుటకే పాలకాప్యుని పేర ఒక మహాగ్రంథము వెలసినది. అశ్వశాస్త్రమునకు శాలిహోత్రుడు ఆద్యుడు. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణ విలాసము రచించెను. రాజుల ఏనుగులకును గుఱ్ఱములకును ఈ భాగ్యము కలిగినది. వాని కోపము యుద్ధమున ప్రభువు ప్రాణమునకు ముప్పు తేగలదు గనుక దానిని శ్రద్ధతో చదివిరి. పేదయింటి ఆవునకు శాస్త్రకారుడు దొరకలేదు. దానిని చదివినవారు పాలు పితుకు స్త్రీలు, మేపు పిల్లలు. వారి చదువు గ్రంథమునకెక్కలేదు.

ఆవు తన్నుటకు నేడు పశువైద్యుడు మొదట అనుమానించునది పొదుగువాపు వ్యాధిని. చన్ను మొనలోని సన్నని రంధ్రముగుండ సూక్ష్మజీవులు లోనికి చేరును. ఆవు పొదుగు నాలుగు గదుల ఇల్లు వంటిది. ఒక గదిలోని పాలు మఱియొక గదిలోనికి పోవు. కావున వ్యాధి తఱచుగా ఒక భాగమునకే సోకి, తక్కిన మూడును చల్లగనే యుండును. సోకిన భాగము గట్టిపడి, ఎఱ్ఱబడి, చేతికి వేడిగా తగులును. అచ్చట వ్రేళ్ళు పెట్టి నొక్కుట ఎట్టిదో, సెగగడ్డను ఎవరైన పిండినప్పుడు మనకు తెలియును. ముదిరినపిమ్మట ఇది గ్రుడ్డివానికిని తెలియును. ముదురకముందు తెలిసికొనుటకు ఒక సులభోపాయము కలదు. మొదటి రెండు మూడు ధారలను చెంబులోనికి గాక, నల్లని గుడ్డపైనను ముదురురంగు పళ్ళెములోనను పితికి చూడవలెను. విఱిగిన పాలలోవలె చిన్నచిన్న తునకలు కనబడినచో తన్నుటకు హేతువు దొరకినట్లే. అప్పుడు చేయవలసినది బందము వేయుట కాదు, పశువైద్యునికి కబురుపంపుట.

వ్యాధియే కానక్కఱలేదు. చన్నుపై వెండ్రుకవాటు పగులు చాలును. దూడ పంటిగాటు చాలును. పితుకువాని చేతికున్న ఉంగరము, పెరిగిన గోరు చాలును. తొడసందున పిడుదులు పట్టి యుండవచ్చును. జోరీగ కుట్టి యుండవచ్చును. ఎదకు వచ్చిన ఆవు ఆ ఒక్క దినము నిలుకడ లేక తిరిగి, అఱచి, పాలు ఎగబట్టి, మఱునాటికి మరల సాధువగును. అట్టి ఆవు ఎదచక్రము సుమారు 21 దినములు. గోడమీది క్యాలెండరులో తన్నిన తేదీకి ఒక గుర్తు పెట్టుకొని, మూడు వారముల తరువాత మరల చూచినచో, పొగరుకు తేదీలుండునని తేటపడును.

మఱియొక కారణము కడు దారుణమైనది. ఆవు మేతను పెదవులతో ఏరి తినదు. నాలుకతో చుట్టి మ్రింగును. మేతలో మేకుముక్కయో, తీగముక్కయో ఉన్నచో అదియు లోనికి పోవును. అది రెండవ జీర్ణకోశములో చిక్కుకొనును. ఆ కోశమునకును గుండెకును నడుమ అడ్డుగోడ మిక్కిలి పలుచన. పశువు ఈనుటకు ముక్కినప్పుడో, పల్లమునకు దిగినప్పుడో ఆ యినుపమొన ముందునకు జరిగి గ్రుచ్చుకొనును. అప్పుడు ఆవు మోచేతులు ఎడముగా పెట్టి నిలుచును, వీపు వంచును, దిగువకు నడువనని మొరాయించును, రొమ్ముక్రింద తాకినచో మూలుగును. చూచువారు మొండితనమందురు. పశువైద్యులు కొన్ని సందర్భములలో అయస్కాంతపు బిళ్ళను మ్రింగించి ఇనుమును ఒకచోట నిలుపుదురు. మఱికొన్ని సందర్భములలో కోసి తీయుదురు. యాత్రాస్థలములలో తిరుగాడు పశువుల దుర్గతి ఇంకను ఎక్కువ. భక్తులు పాఱవైచిన అరటితొక్కతోపాటు అది కట్టిన పాలిథీను సంచియు వాని కడుపున చేరును.

తన్నిన పశువును కొట్టుట అనాదిగానున్న ఆచారము. దానివలన పాలు పెరుగవని శరీరశాస్త్రము నిరూపించినది. పొదుగు కడిగి నిమిరినప్పుడు ఆ స్పర్శ నరముల ద్వారా మెదడునకు చేరును. మెదడు అడుగుననున్న గ్రంథినుండి ఆక్సిటోసిన్ అను రసము నెత్తురులో కలిసి, ఇంచుమించు ఒక నిమిషములో పొదుగును చేరి, పాలను క్రిందికి దింపును. దీనినే మనవారు చేపుట యందురు. భయపడిన పశువు ఒడలిలో అడ్రినలిన్ పుట్టి ఈ పనిని అడ్డగించును. 1941లో అమెరికా దేశమున ఎలీ, పీటర్సన్ అను శాస్త్రజ్ఞులు ఇందుకై ఒక వింత ప్రయోగము చేసిరి. పాలు పితుకబోవు ఆవు వీపుమీద పిల్లిని కూర్చుండబెట్టి, ప్రక్కన కాగితపు సంచులను ఊది పేల్చిరి. బెదరిన ఆవు పాలు చేపలేదు. ఆ పిల్లి ఏమనుకొన్నదో వారు వ్రాయలేదు! బెత్తముతో పాలు పితుకజూచు మనకును వారి ఫలితమే కలుగును. రథసప్తమినాడు అరసవల్లి వీథులలో మైకుల హోరును, క్రొత్తముఖముల రద్దీయు పెరిగినప్పుడు, ఆ సమీపపు పెరళ్ళలో పాడి తగ్గినచో అందు ఆశ్చర్యము లేదు.

ఆవు పెద్దజంతువు. నొచ్చినచో తన్నగలదు. తన్ను తాను ముడుచుకొనుట తప్ప మఱియొక బలము లేని అల్పజీవి అలిగినచో ఎట్లుండును? ముళ్ళ ఎలుకను చూడవలెను. పేరున ఎలుకయే గాని యిది మూషికజాతి కాదు. పురుగులను తిని బ్రతుకు వేఱు కుటుంబమునకు చెందినది. అడవులలో గింజలు, దుంపలు త్రవ్వితిను ఏదుపందికిని దీనికిని ముండ్లలో పోలికయే కాని చుట్టరికము లేదు. దక్షిణభారతమునకే పరిమితమైన ముళ్ళ ఎలుకజాతి ఒకటి కలదు. దానిని 1851లో హార్స్‌ఫీల్డ్ వర్ణించెను. తమిళనాడునందును, ఆంధ్రదేశపు దక్షిణభాగమునందును మెట్టపొలములలో, ముండ్లపొదల నేలలలో అది రాత్రులయందు తిరుగును. అది వన్యప్రాణి. దానిని పట్టి యింట పెంచుట చట్టము నిషేధించినది.

పాశ్చాత్యదేశములలోను, జపానులోను పిల్లలు పెంచుకొనునది ఆఫ్రికాజాతి. అరచేతిలో ఇముడును, అరకిలోకు అటునిటు తూగును. దాని వీపున వేలకొలది ముండ్లుండును. చర్మముక్రింద అంచుచుట్టును వలయాకారపు కండరమొకటి కలదు. సంచిమూతి త్రాడు లాగినట్లు ఆ కండరమును బిగించిన తోడనే ముఖము, కాళ్ళు, పొట్ట లోపలికి పోయి, ముండ్లబంతి మిగులును. దాని పెంపకందారుల ఫిర్యాదు అంతటను ఒక్కటే: నిన్నటిదాక చేతిలో నిద్రించినది నేడు బుసకొట్టుచున్నది, ముట్టనీయదు, కారణము లేదు.

కారణము లేకపోలేదు. రెండు మూడు నెలల ప్రాయమున దాని పసిముండ్లు రాలి, వాని స్థానమున పెద్దముండ్లు పుట్టును. ఒక్కొక్క ముల్లును చర్మమును చీల్చుకొని వెలికివచ్చును. పంటి మొలకతో రాత్రియెల్ల ఏడ్చు పసిబిడ్డను ఎత్తుకొన్న తల్లులకు ఈ కోపము అర్థముకాకపోదు. బిడ్డకు మొలచునది ఒక్కసారి ఒకటి రెండు పండ్లు. ఈ జీవికి వీపంతయు మొలకలే! ఆ దినములలో ప్రేమతో నిమురు చేయియు దానికి శత్రువు చేయియే. కొన్ని వారములు గడచినచో బుస దానంతట అదియే తగ్గును.

తక్కిన కారణములలో చలి ముఖ్యమైనది. ఉష్ణదేశపు జీవి కావున, గదిలో వేడి 18 డిగ్రీలకు దిగినచో అది మందగించి, ముడుచుకొని, మత్తులో పడును. ఐరోపా ముళ్ళ ఎలుక శీతకాలమున మాసములకొలది నిద్రించును గాని, ఆఫ్రికాజాతి దేహమునకు ఆ సాధన లేదు. ఆ మత్తు దానికి ప్రాణాంతకము కావచ్చును. పొట్ట చల్లగా తగులుచున్నచో అది అలుక కాదు, ఆపద. ఇది రాత్రించరమన్న సంగతిని మఱచి, బడినుండి వచ్చిన పిల్లవాడు సాయంకాలపు ఎండవేళ దానిని లేపుట మఱియొక కారణము. అర్ధరాత్రమున మనలను ఎవరైన లేపి ఆడుకొందము రమ్మన్నచో మనము పలుకు పలుకులు ఏపాటి మృదువుగా నుండునో! దాని చూపు మందము. లోకమును వాసనచే ఎఱుగును. యజమాని సబ్బు మార్చినచో యజమానియే మాఱినట్లు. మూడేండ్లు దాటినదానికి పంటిరోగమో, కంతియో ఉండవచ్చును. చర్మమున పురుగు పట్టి ముండ్లమొదళ్ళలో పొట్టు రాలుచుండవచ్చును. వీనిలో ఏదియైనను ఆ జీవి పలుకగలిగినది ఒక్క బుసయే.

అల్పజీవులకు రోగమును దాచుకొను స్వభావము సహజము. అడవిలో కుంటుచు నడచినదానిని పులియో, డేగయో మొదట ఏరుకొనును. తరతరములుగా బాధను బయటపెట్టినవి నశించి, దాచుకొన్నవి మిగిలినవి. అందుచేత పెంపుడుజీవి మూలుగుటకు ముందు ముడుచుకొనును. కుంటుటకు ముందు కఱచును. కోపము వ్యాధికి తరువాతి మెట్టు కాదు, అనేకపర్యాయములు మొదటి చిహ్నము.

వ్యాధియు భయమును లేకయే వచ్చు కోపమును ఒకటున్నది. దానికి అరసవల్లి స్వామియే కర్త యన్నచో అతిశయోక్తి కాదు. మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములు ఉదయసూర్యుని కిరణములు గోపురద్వారముగుండ వచ్చి స్వామి పాదములను తాకును. సూర్యోదయస్థానము ఉత్తరమునకును దక్షిణమునకును జరుగుచుండుటచే ఏటికి రెండుమాఱులే ఆ వరుస కుదురును. భక్తులు ఏటికి రెండుమాఱులు చూచు ఆ సూర్యగమనమును పశుపక్ష్యాదులు ప్రతిదినమును లెక్కించుచుండును. కంటిలో పడు వెలుగు ఎంతసేపున్నదో మెదడు గమనించును. చీకటివేళ పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను రసమును విడుచును. రాత్రి పొడవైనకొలది ఆ రసము విడుదలయగు కాలమును పెరుగును. ఆ కొలతనుబట్టియే జీవి దేహము ఋతువును గుర్తించి, జతకూడు కాలమును నిర్ణయించుకొనును.

పగలు పెరుగునప్పుడు పిల్లి ఎదకు వచ్చి, గోడలెక్కి రాత్రియెల్ల ఏడ్పువంటి కూతలు పెట్టును. పగలు కుఱుచయగునప్పుడు గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చును. ఎండకాలమున గేదె ఎదలో ఉన్నను అఱవదు, గంతులువేయదు. మేత తగ్గించి, పాలు కొంత ఎగబట్టి ఊరకుండును. దీనిని మూగయెద యందురు. పాడిరైతు దీనిని గుర్తింపలేక నెలలు పోగొట్టుకొనును. రామచిలుకను పంజరమున పెంచుట నేడు నేరమే. పెంచిన దినములలో మాఘఫాల్గునములందు అది హఠాత్తుగా వ్రేలు కొఱుకుట పెద్దలు ఎఱిగినదే. అది దాని గూడు కట్టు కాలము. పంజరములో గూడు లేదు, జత లేదు. కొఱుకుటకు యజమాని వ్రేలొకటే యున్నది.

పిల్లులను, కుక్కలను గూర్చి విడిగా చెప్పవలసియున్నది. ఏలయన, మన పిల్లలు చేయి చాచునది వానివైపే. 1872లో చార్లెస్ డార్విన్ మానవుల, జంతువుల భావప్రకటనపై ఒక గ్రంథము వెలువరించెను. కొట్లాటకు సిద్ధమైన కుక్క నిటారుగా, బిగుసుకొని, తోక పైకెత్తి నడచుననియు, ఆ వచ్చినది తన యజమానియే యని గుర్తించిన మఱుక్షణమున దాని దేహమంతయు సరిగా అందుకు విరుద్ధముగా మాఱి, వంగి, మెలికలు తిరుగుననియు ఆయన గమనించెను. ముఖము మాత్రమే కాక సర్వాంగములును మాటలాడును. వినుట మనకు రాదు.

కుక్క ఒక్కసారిగా కఱచినదని అందఱును చెప్పుదురు. నిజమునకు ఒక్కసారిగా కఱచు కుక్కలు కొద్ది. ముందుగా అది ముఖము ప్రక్కకు త్రిప్పుకొనును. నిద్ర రాకున్నను ఆవులించును. తిండి లేకున్నను పెదవులు నాకికొనును. కంటితెలుపు అర్ధచంద్రమువలె కనబడును. ఒడలు కొయ్యబాఱును. ఇన్నియు అయిన తరువాత గుఱ్ఱుమనును. గుఱ్ఱుమనుట దుర్మార్గము కాదు. ఇంకను దగ్గఱకు రావలదని వేడుకొనుట. మనము చేయు తప్పేమనగా, గుఱ్ఱుమన్న కుక్కను కొట్టి ఆ అలవాటు మాన్పించుట. కొట్టిన కుక్క గుఱ్ఱుమనుట మానును. దాని భయమును, నొప్పియు మానవు. మఱునాడది గుఱ్ఱుమనకయే కఱచును. తిను కుక్కను, నిద్రించు కుక్కను, పిల్లలకు పాలిచ్చు కుక్కను ముట్టరాదని బడిలో చెప్పుటకు రెండు నిమిషములు చాలును. ముసలికుక్క కీళ్ళనొప్పిచే విసుగుకొనుననియు, మెడచుట్టు చేతులు వేసి కౌగిలించుట మనకు ప్రేమయైనను దానికి బంధనమనియు మఱి రెండు నిమిషములలో చెప్పవచ్చును. దీపావళి టపాకాయల రాత్రి మంచముక్రింద దూరిన కుక్కను బయటికి లాగబోయి కఱపించుకొన్నవారు ప్రతి ఊరను ఉన్నారు.

పిల్లి కోపము మఱియొక తీరు. కిటికీ అవతల పరాయిపిల్లిని చూచి, దానిని అందుకొనలేక, దారినపోవు ఇంటివాని కాలును రక్కును. కలిసి పెరిగిన రెండు పిల్లులలో ఒకదానిని వైద్యునికడకు కొనిపోయి తెచ్చినచో రెండవది దానిని చూచి జుట్టు నిక్కబొడుచుకొనును. ముఖము అదియే, వాసన వేఱు.

ఇంతవఱకు చెప్పినదంతయు, అలిగిన జీవికడకు పోయి ఏమైనదో చూడుమనునదే. చూడక, ముట్టక, ముందుగా తొలగిపోవలసిన కోపము ఒకటి కలదు. అదియు ఒక్కసారిగా స్వభావము మాఱుటతోనే మొదలగును. అదియే రేబిస్, పిచ్చికుక్క వ్యాధి. స్నేహముగా నుండు కుక్క మూల చేరును. లేదా, దూరముగా నుండునది మీదపడి నాకును. గొంతు మాఱును. కనబడిన కఱ్ఱను, రాతిని కఱచును. ఇది అందఱు ఎఱిగిన రూపము.

ఎఱుగని రూపము మఱింత ప్రమాదకరము. మూగరేబిసు పట్టిన కుక్క మొఱగదు, వెంటబడదు. దవడ జాఱి, నోరు తెఱచుకొని, చొంగ కార్చుచు దీనముగా చూచును. గొంతులో ఎముక అడ్డుపడినదని ఇంటివారు జాలిపడి నోటిలో చేయి పెట్టుదురు. ఆవునకును, గేదెకును ఇదే వ్యాధి సోకును. పిచ్చికుక్క కఱచిన గేదె కొన్ని వారములు బాగుగనే యుండి, అకస్మాత్తుగా మేత మాని, బొంగురుగొంతుతో ఎడతెగక అఱచుచు, చొంగ కార్చును. తాటిటెంకయో, చెఱకుముక్కయో అడ్డుపడినదని రైతు మోచేతివఱకు నోటిలో పోనిచ్చును. అతని వ్రేలిమీద గడ్డి కోసికొన్న చిన్న గాయము చాలును.

ఈ వ్యాధిచే ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. కుక్కకాటుల పాలబడువారిలో పదింట నలుగురు పదునైదేండ్లలోపు బాలబాలికలు. కాటునుండి విషక్రిములు నరములవెంట మెదడువైపు ప్రయాణము చేయును. ఆ ప్రయాణము సాధారణముగా ఒకటి మొదలు మూడు నెలలు పట్టును. ఆ గడువులో మానవుని రక్షింపవచ్చును. లక్షణములు పొడసూపిన పిమ్మట మరణము తప్పించుట దాదాపు అసాధ్యము.

1885 జూలై 6వ తేదీన పారిసు నగరమున లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరునకు తొలిటీకా వేయించి బ్రతికించెను. మనకు సమీపమున కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థ వెలసినది. గొఱ్ఱెమెదడునుండి తీసిన మందును బొడ్డుచుట్టును పదునాలుగు సూదులుగా పొడిచిన కాలము పెద్దలకు జ్ఞాపకమే. ఆ బాధకు వెఱచి ఆకుపసరులను, తాయెత్తులను ఆశ్రయించి మడిసినవారెందఱో. ఆ మందు మనదేశమున 2005 నాటికే నిలిచిపోయినది. ఇప్పుడు వేయునది చేతికి, కొన్ని సూదులే. బొడ్డుచుట్టు పొడుతురన్న భయము మాత్రము పల్లెలలో ఇంకను పోలేదు. సూది మాఱినదని పిల్లలచేత ఇంటికి చెప్పించు పని ఉపాధ్యాయులది.

కఱచినను, రక్కినను, గాయముపై నాకినను చేయవలసినది ఇది: తక్షణము సబ్బు వేసి, ధారగా పాఱు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. గడియారము చూచి కడుగవలెను. ఏలయన భయములో రెండు నిమిషములే పదునైదుగా తోచును. కారము, సున్నము, పసుపు, ఆకుపసరు పెట్టరాదు. అదేదినమున ఆసుపత్రికి పోవలెను. ప్రభుత్వాసుపత్రులలో ఈ టీకాకు వెల లేదు. గాయము లోతైనచో గాయముచుట్టును మఱియొక మందు వేయుదురు. మొదటి సూదితో నొప్పి తగ్గినదని తక్కినవి మానరాదు. వైద్యుడు వ్రాసియిచ్చిన తేదీలన్నియు నెఱవేఱవలెను. కఱచినది ఇంటికుక్కపిల్లయే కదా యని ఊరకుండరాదు. ఇంటికుక్కకు మూడవనెలలో టీకా వేయించి, ఏటేట మరల వేయించినయెడల దాని కోపమునకు కారణము వెదకుటకు మనకు ధైర్యముండును. టీకా లేని కుక్క కోపమును పరిశీలించుట సాహసము.

అరసవల్లి పెరటిలో బందము బిగించిన ఆవుకడకు మరల పోవుదము. ఎండ పాక చూరుదాక వచ్చినది. దర్శనము ముగించుకొన్నవారు ప్రసాదపు పొట్లములతో మరలుచున్నారు. ఎఱిగిన ముదుసలి యెవరైన ఆ వేళకు పెరటిలోనికి వచ్చినచో ముందుగా ఆవు ముఖమును చూచును. చూచి మెడక్రింద గోకును. దాని చొంగను, కంటిచూపును పరికించి, మేత తినుచున్నదో లేదో అడుగును. పిమ్మట బందము విప్పించి, ప్రక్కన ఒదిగి నిలుచుండి, అరచేతి వెనుకవైపుతో పొదుగు నాలుగు భాగములను ఒక్కొక్కదానినే తాకి చూచును. మూడింటికి ఆవు కదలదు. నాలుగవదానికి కాలు ఎత్తును; ఎత్తి, తన్నక, మరల దింపును. అప్పుడామె ఒక నల్లగుడ్డ తెమ్మని ఇల్లాలిని కేక వేయును.